మా మేనల్లుడి ఎఫిషియన్సీ

మా ఊరు నగరంలో ఇంట్లో సారా కాస్తే ఎక్సైజువాళ్లు వస్తారు. డల్లాస్‌లో మా మేనల్లుడు గ్యారేజీలో బీరు కాస్తే మాకు ఫోనొస్తుంది. ఇంట్లో తాగడానికి కాచుకునే బీరు మీద అమెరికావాళ్లు 1978లో చట్టం చేసి పన్ను ఎత్తేశారు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు. అంత కాచే తీరిక వీడికెక్కడిది, కొలుచుకోడానికే సరిపోతుంటే!

"మావయ్యా, ఈసారి 77 కొట్టాను!" అన్నాడు మొన్న. ఏదో పరీక్షనుకుని సంతోషించాను. మాష్ ఎఫిషియన్సీ అట. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పగలగొట్టి 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే పిండి చక్కెరవుతుంది. గింజ ఇవ్వగలిగినదాంట్లో కుండలోకి ఎంత దిగిందన్నదే ఆ శాతం. గింజ నలక్కపోయినా, ఉండలు కట్టినా, పిప్పిని సరిగా కడక్కపోయినా తగ్గుతుంది. ఇంతవరకూ పేచీ లేదు. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం అని మిల్లువాడి లెక్క మాకూ ఉంది.

పేచీ అంతా కొలతలోనే. 10 పౌన్ల మాల్టు, పౌనుకి 37 పాయింట్ల చక్కెర, వెరసి 370. దిగింది 7.5 గ్యాలన్లు, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.038 చూపింది. అంటే గ్యాలనుకి 38 పాయింట్ల చొప్పున 285. భాగించు, 77!

"ఒరే, ఆ ఏడున్నర ఎలా కొలిచావు?"

"కర్ర ముంచి, గీత చూశాను మావయ్యా."

"మసులుతుండగానా?"

ఫోనులో చప్పుడు లేదు.

మసిలే నీళ్లు చల్లారితే 4 శాతం దాకా తగ్గుతాయి. అంటే 7.2 గ్యాలన్లు, 74 శాతం. కర్ర గీతలో పావు గ్యాలను తేడా ఉందంటే ఇంకో రెండున్నర ఎగిరిపోతుంది. వేడి సంపాదించిపెట్టిన 3 మార్కులకి వీడు స్నేహితులకి పార్టీ ఇచ్చాడు.

పోనీ నిజంగానే 72 నుంచి 80కి ఎక్కాడనుకుందాం. మిగిలేది ఒక్క పౌను మాల్టు. దానికోసం ఎన్ని మీటర్లు కొన్నాడో మా చెల్లెలు చెబితే నాకు నోట మాట రాలేదు. ఆ అంకె అసలు దేనికంటే, వచ్చేసారి ఎన్ని గింజలు పొయ్యాలో తెలియడానికి. ప్రతిసారీ 70 వచ్చేవాడు హాయిగా కాచుకుంటాడు. ఒకసారి 64, ఒకసారి 77 వచ్చేవాడు ఫోన్లు చేస్తాడు. కల్లంలో ధాన్యం తేమ మీటరు 17 దాటితే మాకు కోత, వీడికి అంకె ఎక్కితే మీసం మెలేత.

కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఊరి పిండివంట గరాజీలు వేసే ఆవిడ దగ్గర కూర్చున్నాడు. చిల్లుల పాత్రలోంచి జారిన పిండి కాగే నూనెలో దారాలు దారాలుగా అల్లుకుంటోంది. ఆవిడ చటుక్కున మడతేసి తీస్తోంది. వీడు జేబులోంచి చిన్న కాటా తీసి, "కిలో పిండికి గరాజీలు ఎన్ని కిలోలు దిగుతాయండీ?" అన్నాడు.

"విరిగినవి పిల్లలకి పెట్టేస్తాం బాబూ," అందావిడ, "వాటిని ఎందులో రాసుకుంటారు?"