టైటిల్ బార్ గిట్టని అన్న

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ టైటిల్ బార్ గిట్టని అన్న ఒకడుంటాడు. ఊరంతా వెబ్, మొబైల్ అంటూ పోతే ఈయన విండోస్ ప్రోగ్రాములు రాసే డబ్ల్యూపీఎఫ్‌ని వదలడు. ఆస్పత్రి బిల్లింగ్ కానీ, రైస్ మిల్లు తూకం లెక్క కానీ, ఆయన చేసే మొదటి పని విండోకి గుండు కొట్టించడం. విండో స్టైల్‌ని 'నన్' చేస్తాడు, టైటిల్ బార్ ఎగిరిపోతుంది, కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు, మురిపెంగా చూసుకుంటాడు. "డిజైనంటే ఇదీ!"

ఇంతలో ఎవరో జూనియర్ అంటాడు: "అన్నా, ఇది కదుల్తలేదు."

కదలదు మరి. మౌస్ కదిలినప్పుడల్లా విండోస్ మన విండోని "ఇదేం చోటు?" అని అడుగుతుంటుంది. ఆ ప్రశ్న పేరు డబ్ల్యూఎం ఎన్‌సీహిట్‌టెస్ట్. మామూలు చోటైతే జవాబు 1, టైటిల్ బారైతే 2. జవాబు 2 అయితే లాగే పనంతా సిస్టమే చూసుకుంటుంది. బార్ లేకున్నా 2 అని చెప్పొచ్చు. సిస్టమ్ లేచొచ్చి తనిఖీ చెయ్యదు. లేదంటే డబ్ల్యూపీఎఫ్‌లోనే డ్రాగ్‌మూవ్ ఉంది, ఒక్క లైను.

ఒక్క లైనుతో పోయే పనైతే అన్నెందుకు? "అన్నీ సిస్టమే చేస్తే మనమేం చెయ్యాలె తమ్మీ?" అంటూ మౌస్‌మూవ్ ఈవెంట్ తెరుస్తాడు. ఇప్పటి కొలతలోంచి ఇందాకటి కొలత తీసేసి, విండోని అంత జరుపుతాడు. లెక్క సరే. కానీ ఆ కొలత విండో మూల నుంచి వేసింది. విండో జరిగితే ఆ మూలా జరుగుతుంది. దాంతో విండో కాస్త ముందుకీ కాస్త వెనక్కీ గజగజ వణుకుతుంది. అన్న ముందు గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తాడు. ఆ తర్వాత మౌస్ మార్పిస్తాడు. మౌస్ ప్యాడ్ కూడా. స్క్రీన్ కొలతలు తీసుకోమని జూనియర్ చెప్తే, "అదే చేద్దామనుకుంటున్న" అంటాడు.

చివరికి డ్రాగ్‌మూవ్‌కే వస్తాడు, ఎవరూ చూడకుండా. అక్కడా ఓ తిరకాసు: ఎడమ బటన్ నొక్కి ఉంటేనే అది పనిచేస్తుంది. అన్న ఏ బటన్‌కైనా అదే పెట్టేస్తాడు కనక, కుడి క్లిక్ కొట్టగానే ప్రోగ్రాం ఎర్రర్ చూపించి కూర్చుంటుంది. విసుగొచ్చి హిట్‌టెస్ట్‌కి మారి, విండో మొత్తానికీ 2 అని జవాబు రాసేస్తాడు. ఇప్పుడు క్యాషియర్ 'ప్రింట్' నొక్కితే బిల్లు రాదు, విండో ఆమె చెయ్యి పట్టుకుని వెంట నడుస్తుంది. కంగారులో డబుల్ క్లిక్ కొడితే స్క్రీనంతా పరుచుకుంటుంది. కౌంటర్ ముందు క్యూలోని పెద్దాయనకు ఇవేవీ అక్కర్లేదు, ఆయనకు రసీదు కావాలి.

బటన్లకు మినహాయింపు ఇచ్చాక పని అయిపోయిందనుకుంటాం. కానీ మేనేజర్ టేబుల్ మీద ఎడమ పక్కన రెండో మానిటర్ ఉంటుంది. అక్కడ కొలతలు మైనస్‌లో నడుస్తాయి. అన్న వాటిని లోవర్డ్ అనే మాక్రోతో తీసుకుంటాడు, దానికి మైనస్ తెలీదు; -100 కాస్తా 65436 అవుతుంది. అంత దూరంలో ఏ బటన్ ఉంటుంది? మినహాయింపులన్నీ గల్లంతై, ఆ మానిటర్ మీద 'ప్రింట్' మళ్ళీ టైటిల్ బారైపోతుంది. మైనస్ గుర్తు పోకుండా తీసుకోవడానికి వేరే మాక్రో ఉందని చెప్పేవాడు దొరికేదాకా అన్న మేనేజర్‌తో అంటాడు: "సార్, ఆ మానిటర్ కుడివైపు పెట్టుకోండి, వాస్తుకి కూడా మంచిది."

అంతా కుదుటపడ్డాక కస్టమర్ లైనక్స్ వెర్షన్ అడుగుతాడు. డబ్ల్యూపీఎఫ్ అక్కడ నడవదు, అన్న క్యూటీకి మారాల్సొస్తుంది. లైనక్స్‌లో విండోలను చూసుకునే వేలాండ్‌లో మామూలు విండోకి తను స్క్రీన్ మీద ఎక్కడుందో తెలీదు, తనంతట తను జరగనూ లేదు. కదిలించమని సిస్టమ్‌ని అడగాల్సిందే. క్యూటీలో అందుకు స్టార్ట్‌సిస్టమ్‌మూవ్ ఉంది, 2020లో వచ్చిన 5.15 నుంచీ. "మన విండో ఎక్కడుందో మనకే చెప్పదా? నేను దాన్ని అడుక్కోవాలా?" అని అన్న భగ్గుమంటాడు. మర్నాడు లైనక్స్ వెర్షన్ ఫుల్‌స్క్రీన్‌లో తెరుచుకుంటుంది. రిలీజ్ నోట్స్‌లో కొత్త సౌకర్యాల కింద మొదటి లైను: "విండో కదిపే శ్రమ ఇక లేదు."