ఘంటసాల ఎవరో ఎరుకలేని కంప్యూటరు

చేవెళ్లలో కాపురం, మొయినాబాద్‌లో లెక్కల సారు ఉద్యోగం. దారి పొడుగునా మర్రిచెట్ల నీడే కదా, ఇంతకంటే సుఖం ఏముంటుందని తోటి టీచర్లు అనేవారు. నీడ సంగతి నిజమే. బస్సులో పక్కసీటాయన చేతిలోని చైనా ఫోను సంగతి మాత్రం వాళ్లు లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆయన పాట పెడితే డ్రైవరు నుంచి ఫుట్‌బోర్డు దాకా అందరూ వినాల్సిందే.

నా కష్టం చూడలేక మా అక్క కొడుకు అమెరికా నుంచి బొటనవేలంత ప్లేయర్ ఒకటి పంపాడు. వాడు చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి వీసా తెచ్చుకుని, మొక్కు ప్రకారం 108 పూర్తి చేసి విమానం ఎక్కిన బాపతు. “మామా, సీడీలన్నీ కంప్యూటర్ల ఏసి దీంట్లకు ఎక్కించుకో. బస్సుల ఇనుకుంట పో” అన్నాడు ఫోన్లో, అదేదో రెండు నిమిషాల పనైనట్టు.

లెక్కల సారుని కాబట్టి ముందు కాగితం తీశాను. ఆడియో సీడీలో ధ్వని సెకనుకు 44,100 ముక్కలుగా ఉంటుంది. ముక్కకు 2 బైట్లు. కుడి చెవికి వేరు, ఎడమ చెవికి వేరు. గుణిస్తే సెకనుకు 1,76,400 బైట్లు. 5 నిమిషాల పాట దాదాపు 53 ఎంబీ. నా ప్లేయర్ మొత్తం కలిపి 256 ఎంబీ. అంటే నాలుగు పాటలు పట్టి, ఐదోది చరణంలో ఆగిపోతుంది. అదే పాటను 128 కేబీపీఎస్ ఎంపీ3గా కుదిస్తే 5 ఎంబీ లోపే. అప్పుడు యాభైకి పైగా పడతాయి. చెవి ఎలాగూ పట్టించుకోని శబ్దాలను ఏరి పారేయడమే ఇందులో కిటుకు. ఈ సౌకర్యం మా స్టాఫ్‌రూముకు కూడా ఉంటే ఎంత బాగుండునో!

ఇక ఆదివారం పొద్దున కరెంటు ఉండగానే మొదలుపెట్టాను. ఘంటసాల పాటల సీడీ పెట్టగానే తెర మీద ఇలా వచ్చింది: అన్‌నోన్ ఆర్టిస్ట్, అన్‌నోన్ ఆల్బమ్, ట్రాక్ 1, ట్రాక్ 2... వంటింట్లోంచి వచ్చిన అమ్మకు అది చదివి అర్థం చెప్పాను.

“ఏందిరా, ఘంటసాల ఎవరో దానికి ఎరుక లేదా? మరి గంత పైసలు పోసి ఎందుకు కొన్నవు?”

తప్పు కంప్యూటరుది కూడా కాదు. మామూలు ఆడియో సీడీలో పాటలుంటాయి గాని పాటల పేర్లుండవు. అట్టమీద అచ్చేసిన పేర్లు మనకే కనిపిస్తాయి, డ్రైవుకు కాదు. నెట్ ఉంటే కంప్యూటరు వెళ్లి, ఎక్కడెక్కడివాళ్లో టైపు చేసి పెట్టిన జాబితాలో వెతుకుతుంది. అదైనా పాట విని పోల్చుకుంటుందా అంటే, లేదు. ఎన్ని ట్రాకులు, ఏది ఎక్కడ మొదలై ఎంతసేపు నడిచింది అనే లెక్క మాత్రమే చూస్తుంది. మనిషి మొహం చూడకుండా పుట్టిన ఘడియను బట్టి జాతకం చెప్పే సిద్ధాంతిగారి పద్ధతే ఇది. ఘడియలు కలిస్తే చాలు. మా ఇంట్లోని సుప్రభాతం డిస్కును అది ఏదో జర్మన్ బ్యాండు ఖాతాలో వేసింది. అమ్మకు ఈ ముక్క చెప్పలేదు.

సరే, పేర్లు నేనే కొడదామని కూర్చుంటే ‘జానర్’ అని ఇంకో గడి. ఎంపీ3లకు మొదట్లో తయారుచేసిన పట్టికలో 80 రకాల సంగీతాలున్నాయి. పోల్కా ఉంది. ట్రాన్స్ ఉంది. క్రిస్టియన్ ర్యాప్ కూడా ఉంది. భజన లేదు, హరికథ లేదు, ఒగ్గుకథ అసలే లేదు. భగవద్గీతను హార్డ్‌రాక్‌లో వేయడానికి చెయ్యి రాక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

అసలు యుద్ధం ‘దానవీరశూరకర్ణ’ దగ్గర జరిగింది. 1977లో ఎన్టీఆర్ తీసిన ఆ సినిమాకు కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు వినని మైకు మన ఊళ్లలో లేదు. వాటిని ప్లేయర్లోకి ఎక్కించి మర్నాడు బస్సులో చెవిలో పెట్టుకున్నాను. మొదటి ట్రాక్ అవగానే పదోది, తర్వాత పదకొండు, పన్నెండు, ఆ పైన రెండు! ప్లేయరు దృష్టిలో అవి అంకెలు కావు, అక్షరాలు. ఒకటితో మొదలయ్యేవన్నీ ఒక బంతి. దాంతో నా బస్సులో కర్ణుడు ముందు చచ్చిపోయి, తర్వాత అంగరాజ్యానికి పట్టాభిషేకం చేయించుకున్నాడు. మందు చాలా సులువు: 1కి బదులు 01 అని రాయాలి. అంకెకు ఎడమ పక్కన సున్నాకు విలువ లేదని పిల్లలకు చెప్పీ చెప్పీ జీతం తీసుకుంటున్నవాణ్ని. ఆ సున్నాలే నా మహాభారతాన్ని నిలబెట్టాయి.

గీతలు పడ్డ సీడీలది మరో గొడవ. చదివిందే చదువుతూ డ్రైవు గింగిరాలు కొడుతుంది. టూత్‌పేస్టుతో రుద్దమని ఒకరు చెబితే పేస్టు తెచ్చాను. “పేస్టు పండ్లకా, ప్లేట్లకా?” అంది మా ఆవిడ. తుడిస్తే మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పితే సమాచారం సాగే దారిలోనే గీత పడుతుంది. ఇంకో సంగతి: మనం మెరిసే వైపును కంటికి రెప్పలా కాచి, పేరు రాసే వైపున బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తాం. అద్దంలాంటి పొర ఉండేది సరిగ్గా ఆ రాత కిందే.

ఇంత చేసినా అట్ట పోయిన సీడీలు మిగిలాయి. వాటికి అమ్మే దిక్కయింది. పద్యం ఎత్తుకోగానే “గది ఘంటసాల కాదు, మాధవపెద్ది సత్యం” అనేది. రాగం ఇంకా మొదటి మలుపు తిరగకముందే సినిమా పేరు చెప్పేది. నెట్టు అక్కర్లేదు, నిడివి కొలవక్కర్లేదు.

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాపుల్లో సీడీ డ్రైవే రావడం లేదు. పాత సీడీలు కూరగాయల తోటల్లో పిట్టలను బెదిరించే పనిలో కుదురుకున్నాయి. మీ అరలో ఇంకా మిగిలి ఉంటే, డ్రైవు ఉన్న కంప్యూటరు ఎవరింట్లో ఉందో కనుక్కుని ఈ నెలలోనే ఎక్కించేయండి. పాటలను యంత్రం కాపీ చేస్తుంది, పేర్లు మాత్రం విన్నవాళ్లే చెప్పాలి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, మధ్యమధ్యలో చాయ్ ఇవ్వండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు టైపు చేయండి.