పక్కకు ఇరవై రెండు నిమిషాలు

ఈ పెట్టెకు పాట రాదు. పాటంతా ప్లేటు గాడిలో ఉంటుంది. ప్లేటును నిమిషానికి 33⅓ చుట్లు తిప్పడం, గాడిలో ముల్లు ఆనించడం, ముల్లుకు పుట్టిన వణుకును రెండు స్పీకర్లకు అందించడం, ఇంతే దీని కొలువు. పాడేవాడికీ వినేవాడికీ నడుమ నిలబడే వస్తువు గనక తన కథను కూడా మూడో మనిషి కథలా చెప్పుకోవడమే దీనికి అలవాటు. సూరత్ జిల్లా పల్సానా తాలూకా జోల్వాలో, ఒక జాకార్డ్ మేస్త్రి ఇంట్లో, బీరువా పక్కన చెక్క బల్ల మీద ఉంటుందీ రికార్డు ప్లేయర్. ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌లలో అన్నిటికంటే గొప్పవి ఏవన్న తగువు ఆ ఇంట్లో ఏటా నడుస్తుంది. ఆ తగువులో తనకూ ఒక ఓటు ఉందని ఈ యంత్రం గట్టిగా నమ్ముతుంది.

జోల్వాలో కూర్చుని పాట వినడం తేలిక కాదు. జోల్వా, కడోదరా చుట్టుపక్కలంతా సాంచెల (మరమగ్గాల) ఊళ్లు. పగటి షిఫ్టు దిగగానే రాత్రి షిఫ్టు ఎక్కుతుంది. పన్నెండేసి గంటల చొప్పున మనుషులు మారతారు గానీ మోత ఆగదు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ కార్మికుల నడుమ వరంగల్, కరీంనగర్, నల్లగొండల నుంచి వచ్చిన పద్మశాలీలు కూడా సూరత్ ప్రాంతంలో తరాలుగా బతుకుతున్నారు. మేస్త్రి అలాంటి ఇంటివాడే. దీపావళికి సాంచెలు ఆగుతాయి. మళ్లీ లాభ్ పంచమి ముహూర్తానికి గానీ మొదలవవు. ఆ నాలుగైదు రోజుల్లో చాలామంది నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ వైపు వెళ్లిపోతారు. వెళ్లని ఏడాది మేస్త్రి ప్లేట్ల మీద దుమ్ము తుడిచి బల్ల ముందు చాప పరుస్తాడు. ఈ పెట్టెకు ఏడాదంతటికీ అదే పండగ.

ఇది ముంబయి నుంచి వచ్చింది. చోర్‌బజార్ మటన్ స్ట్రీట్‌లో పాత సామాను దుకాణాల వరసలో, హెచ్‌ఎంవీ కుక్క బొమ్మతో మేస్త్రి కంటబడింది. ఆయనకు కావలసింది ఘంటసాల భగవద్గీత వినడానికి ఒక మిషను. దుకాణదారు పెట్టెతో పాటు ఒక కట్ట ఇంగ్లిష్ ప్లేట్లు కూడా అంటగట్టాడు. ఫ్లయింగ్ రాణీలో ఒళ్లో పెట్టుకుని సూరత్‌లో దిగాడు. కట్టలో అన్నిటికంటే పైన నల్ల అట్ట, దాని మీద తెల్లని గీత ఒకటి గాజు పట్టకంలో దూరి రంగులుగా విడిపోయే బొమ్మ. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. విదేశీ ప్లేటు కాదది, ఇక్కడ అచ్చయినదే. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీకి 1928 నుంచి కార్ఖానా ఉండేది. పింక్ ఫ్లాయిడ్ ప్లేట్లు తెచ్చిన హార్వెస్ట్ లేబులూ, మన హెచ్‌ఎంవీ కూడా అప్పట్లో ఈఎంఐ కుటుంబానివే. ఘంటసాలా, పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్సూ ఆ విధంగా ఒకే ఇంటి చుట్టాలై జోల్వా చేరారు.

ఇక ఓటు సంగతి. 78 చుట్ల పాత ప్లేటు మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయేది. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చాక ఒక్కో పక్కకు సుమారు ఇరవై రెండు నిమిషాల చోటు దొరికింది. రాక్ పాటలవాళ్లు ఆ చోటును చాలాకాలం చిన్న పాటలతోనే నింపారు. 1970 దాటాక ఇంగ్లండులో కొన్ని బృందాలు పక్కంతా ఒకే రచనకు ఇచ్చేశాయి. పింక్ ఫ్లాయిడ్ ‘ఎకోస్’ (1971) ఇరవై మూడు నిమిషాలు దాటుతుంది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ వాళ్ల ‘టార్కస్’ (1971) ఇరవైన్నర. యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ (1972) పద్దెనిమిది నిమిషాల ముప్పావు. జెత్రో టల్ ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ (1972) అయితే రెండు పక్కలూ కలిపి ఒకటే పాట, ప్లేటు తిరగేయడానికి మాత్రం నడుమ ఆగుతుంది. ఈ సంగీతానికి ఆకారం ఇచ్చినవాళ్లలో స్వరకర్తలతో పాటు ప్లేటు కూడా ఉంది. ప్లేటు వెడల్పు ఇంకో రెండంగుళాలు ఎక్కువో తక్కువో అయి ఉంటే ఈ రచనలు వేరేగా ఉండేవి. అందుకే, ఈ రకం ఆల్బమ్‌ను తూచాల్సింది పక్కల లెక్కన అని ఈ పెట్టె వాదం.

పక్క నింపడం అంటే చోటంతా వాడేయడమని కాదు. ప్లేటు ఒకే తీరుగా తిరిగినా ముల్లు కింద గాడి ఒకే వేగంతో నడవదు. బయటి అంచున సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20 సెంటీమీటర్లే. అదే శబ్దం సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. సన్నని స్వరాలు మసకబారతాయి, గట్టి శబ్దం చిట్లుతుంది. పక్క నిడివి పెరిగేకొద్దీ గాడులు దగ్గరవుతాయి గనక అచ్చువేసేవాళ్లు ధ్వని కూడా తగ్గించుకోవాలి. జెనిసిస్ ‘ఫాక్స్‌ట్రాట్’ (1972) రెండో పక్కలో ముందు ఒక చిన్న గిటార్ తునక, వెనకాలే ఇరవై మూడు నిమిషాల ‘సపర్స్ రెడీ’. ఆ రచన తారస్థాయి అందుకునేది సరిగ్గా లోపలి గాడుల్లోనే. ఎంత గొప్ప ముగింపో ఈ ముల్లుకు తెలుసు, దాన్ని పూర్తిగా అందించలేకపోతున్నానన్న బాధ కూడా దానికే తెలుసు. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పక్క అలా కాదు. నీళ్ల చప్పుడు, పిట్టల కూతలతో మొదలై, ఒక్కసారిగా గిటారు, డ్రమ్ములు మీద పడి, నడుమ చర్చి ఆర్గన్ మోగే నెమ్మదైన భాగానికి దిగి, మళ్లీ ఎగసి, మొదటి నీళ్ల దగ్గరికే వస్తుంది. దేనికీ ఇరుకు లేదు. గాయకుడు జాన్ ఆండర్సన్‌కు ఆ రచన తోచింది హెర్మన్ హెస్ రాసిన ‘సిద్ధార్థ’ నవల చదివాక. మన గడ్డ మీద నడిచే కథ, నది ఒడ్డున తేలే కథ. డ్రమ్ములు వాయించిన బిల్ బ్రూఫర్డ్ ఆ ఆల్బమ్ ముగించాక యెస్‌ను వదిలి కింగ్ క్రిమ్సన్‌లో చేరిపోయాడు.

మేస్త్రి అక్క కొడుకు డైయింగ్ మిల్లులో పనిచేస్తాడు. సెలవులకు వచ్చేటప్పుడు ఫోన్‌లో జాబితాలు మోసుకొస్తాడు. రోలింగ్ స్టోన్ పత్రిక 2015లో యాభై గొప్ప ప్రోగ్రెసివ్ రాక్ (ప్రోగ్) ఆల్బమ్‌లను వరసబెట్టింది. మొదటిది ‘డార్క్ సైడ్’, రెండు కింగ్ క్రిమ్సన్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’, మూడు రష్ ‘మూవింగ్ పిక్చర్స్’, నాలుగు మళ్లీ పింక్ ఫ్లాయిడ్‌దే ‘విష్ యూ వర్ హియర్’, ఐదు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’.

“లోకమంతా గిదే ఒప్పుకుంటుంది మామా. నువ్వొక్కనివే గులుగుతున్నవ్.”

“ఒప్పుకోనియ్ రా అల్లుడా. ప్లేటు పెట్టు, ఒక పక్క పూరా ఇందాం. నడుమల లేసి ఫోన్ చూసినమంటే ఆ ప్లేటు ఓడినట్టే.”

మేస్త్రి పెట్టిన పరీక్ష ఇదొక్కటే. ఈ పెట్టెకు ఇంతకంటే న్యాయమైన పరీక్ష తెలియదు. నాలుగు నిమిషాల పాట మనసు పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఇరవై నిమిషాలు పట్టి ఉంచాలంటే లోపల కట్టడం ఉండాలి.

‘డార్క్ సైడ్’ ఆ పరీక్ష ఎప్పుడూ నెగ్గుతుంది. ఒక్కో పక్కలో ఐదేసి పాటలున్నా ఒకదాన్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. 1973 మార్చిలో వచ్చిన ఆ ప్లేటు అమెరికా బిల్‌బోర్డ్ 200 జాబితాలో 1988 లోపు ఏడొందల వారాలకు పైగా ఉందంటే జనం ఊరికే కొనలేదు. మొదటి పక్క చివర ఒక్క మాటా లేకుండా ఒక స్త్రీ గొంతు ఎత్తుకుంటుంది. ఆమె పేరు క్లేర్ టోరీ. 1973 జనవరిలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోకు పిలిపించి, మాటలు వద్దు, గొంతే ఒక వాయిద్యం అనుకుని పాడమన్నారు. అప్పుడు ముట్టింది 30 పౌండ్లు. చాలా ఏళ్ల తర్వాత కోర్టుకెక్కి, 2005లో రాజీ కుదిరాక గానీ స్వరకర్తగా ఆమె పేరు చేరలేదు. మేస్త్రి భార్యకు ఇంగ్లిష్ రాదు. పప్పు ఏరుకుంటూ మొదటిసారి ఆ పాట విన్నప్పుడు చాట పక్కన పెట్టి, “ఎవ్వలు పోయినరో ఆమెకు” అంది. ఆ రచన చావు గురించేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఆ ప్లేటుకు ఆమె వేసిన ఓటు ఇప్పటికీ మారలేదు.

రెండో పక్క మొదటి పాట ‘మనీ’. చిల్లర గలగల, గల్లాపెట్టె మోత, కాగితం చింపిన చప్పుడు, వీటిని టేపు ముక్కలుగా కోసి అతికి ఏడు దెబ్బల చుట్టు చేశారు. పాట నడిచేది ఆ ఏడు మీదే. సాంచెల మోతకు అలవాటైన చెవి రెండు రెండుగా లెక్కపెడుతుంది. ఏడు రాగానే తల ఎత్తుతుంది. మేస్త్రి మోకాలి మీద మిశ్రచాపు వేసి చూపిస్తాడు, మూడూ నాలుగూ. గిటారు విడిగా ఎత్తుకున్న చోట తాళం మామూలు నాలుగుకు మారిపోతుంది, అక్కడ ఆయన చెయ్యి ఆగి మళ్లీ సర్దుకుంటుంది. ‘టార్కస్’ మొదలే ఐదు మీద, అంటే ఖండం. ‘సపర్స్ రెడీ’లో తొమ్మిది మీద నడిచే భాగం ఉంది, జెనిసిస్‌లోని టోనీ బ్యాంక్స్ ఆర్గన్ దాని మీద తన దారిన తాను తిరుగుతుంది. హరికథలూ కచేరీలూ వింటూ పెరిగిన తెలుగు చెవికి ఈ లెక్కలు కొత్త కావు. ఇంగ్లిష్ రాదు గనక ప్రోగ్ అర్థం కాదనేవాళ్లను ఈ పెట్టె ఒక దీపావళికి జోల్వా రమ్మంటుంది.

‘ఇన్ ద కోర్ట్’ మీద ఈ యంత్రానికి వేరే ప్రేమ. 1969 అక్టోబరులో వచ్చిన ఆ ప్లేటులో వినిపించే వయొలిన్ల గుంపు వయొలిన్లు కావు. మెలోట్రాన్ అనే యంత్రం, ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. మెట్టు నొక్కితే ఎప్పుడో అచ్చయిన వయొలిన్ ఎనిమిది సెకన్లు పలికి ఆగిపోతుంది, వేలెత్తి మళ్లీ నొక్కాలి. అచ్చయిన ధ్వనిని మళ్లీ బతికించే సాటి యంత్రం ఆ ప్లేటులో ఉంది. అట్ట మీద నోరు తెరిచి అరిచే ఎర్రటి ముఖం గీసినవాడు బ్యారీ గాడ్బర్, కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ వచ్చిన కొద్ది నెలలకే, 1970లో, ఇరవై నాలుగేళ్లకే చనిపోయాడు. మేనల్లుడు ఆ అట్ట గోడకు ఆనించి మరీ వింటాడు. అతని మొదటి ఓటు దీనికే.

‘మూవింగ్ పిక్చర్స్’ (1981) మంచి ప్లేటు, అందులో సందేహం లేదు. కానీ మూడో చోటు దానికెందుకో ఈ పెట్టెకు అర్థం కాదు. రష్ బృందం నుంచి ఒకటే తీసుకోవాలంటే ‘2112’ (1976) తీసుకోవాలి. అంతకుముందు ఏడాది ఆల్బమ్ అమ్ముడుపోక, చిన్న పాటలు చేయమని కంపెనీ ఒత్తిడి పెట్టిన సమయమది. ఆ బృందంలోని ముగ్గురూ మొదటి పక్క ఇరవై నిమిషాలూ ఒకే కథకు ఇచ్చేశారు. ఆ ప్లేటే వాళ్లను నిలబెట్టింది. ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ సంగతి ఇంకోలా ఉంటుంది. దాని అట్ట పన్నెండు పేజీల పల్లెటూరి పేపరు, కవిత రాసిన ఎనిమిదేళ్ల జెరాల్డ్ బోస్టాక్ అనే లేని పిల్లవాడి వార్తతో సహా. చోర్‌బజార్ కట్టలో ఆ పేపరు పేజీలు నలిగిపోయి వచ్చాయి, మేస్త్రి ఇస్త్రీ పెట్టి సాపు చేశాడు.

తెలుగు ఎక్కడ అని మేనల్లుడు ఒకసారి అడిగాడు. జవాబు తనే ఫోన్‌లో వెతికి తెచ్చాడు. బెంగళూరు ‘అగం’ బృందం తమది కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అని చెప్పుకుంటుంది. 2017లో వచ్చిన వాళ్ల ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ ఆల్బమ్‌లో త్యాగరాజ స్వామి నళినకాంతి కృతి ‘మనవ్యాలకించ’ డ్రమ్ములు, గిటార్ల నడుమ నిలబడి పలుకుతుంది. అంతకంటే ముందటిది ఇంకొకటి ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ను ఐదు తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చి కర్ణాటక గమకాలు పలికించాడు. కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో ఆయన చేసిన ‘డ్రీమ్’ 1995లో రియల్ వరల్డ్ లేబుల్ మీద వచ్చింది. ఆ లేబుల్ పెట్టింది పీటర్ గేబ్రియల్, ‘సపర్స్ రెడీ’ పాడిన గొంతు. జెనిసిస్‌ను 1975లో వదిలిన మనిషి ఇరవై ఏళ్లకు గోదావరి జిల్లా కుర్రవాడి మాండొలిన్‌కు ఇల్లు చూపించాడు. శ్రీనివాస్ 2014లో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు.

‘డ్రీమ్’కు ఈ పెట్టె దగ్గర ప్లేటు లేదు. ఫోన్‌కు స్పీకరు తగిలించి విన్నారు, ముల్లు పక్కకు తీసి పెట్టారు. ప్రోగ్రెసివ్ రాక్ అని దాన్ని గట్టిగా అనలేం, పక్కల లెక్కా దానికి వర్తించదు. అయినా మొదటి నుంచి చివరి దాకా ఎవరూ లేవలేదు. మేస్త్రి భార్య పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది.

ఇంట్లోవాళ్లు పాత క్యాలెండర్ వెనక రాసుకున్న ఐదు గొప్ప ఆల్బమ్‌లలో ఇప్పుడు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, ‘డార్క్ సైడ్’, ‘ఇన్ ద కోర్ట్’, ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ ఉన్నాయి. వీటి నడుమ వరస మీద పోరు తెగలేదు. యంత్రం ఓటు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’కే. ఐదోది ‘డ్రీమ్’ అని మేస్త్రి తన చేత్తోనే రాశాడు.

“మరి ‘2112’ ఏమాయె మామా?”

“ఆరోది రాయి. ఐదే ఉండాల్నని ఎవ్వలన్నరు?”