బీరువా తలుపు మీది చీటీకి టీకాతాత్పర్యములు

అవతారిక: తెనాలి ప్రాంతమున నొక ఉన్నత పాఠశాలలో గ్రంథాలయమను పేర చెల్లుబడియగుచున్న మూడు బీరువాలను కనిపెట్టుకొనియుండు ఉద్యోగిని, రెండవ శనివారమునకు ముందునాటి సాయంకాలము, నడిమి బీరువా తలుపునకు ఒక చీటీ నతికించి యింటికి బోయెను. ఇట్టి రచనకు ఇంతవరకు వ్యాఖ్య పుట్టకుండుట సారస్వతమునకు వెలితి యని తలంచి, మూలమున లేనిదానిని గాని అనవసరమైనదానిని గాని వ్రాయనని కోలాచలము మల్లినాథసూరి పూనిన వ్రతము నావంటివానికి నిలుపశక్యము కాదని ముందే విన్నవించుకొని, ఈ పనికి బూనుకొంటిని.

మూలము: “రేపు వేటపాలెం వెళ్తున్నాను. గణపతిలో పోయిన పేజీలు నెట్‌లో దొరికాయి, సోమవారం అతికిస్తాను. తాళంచెవి ఆఫీసు రూంలో ఉంది. చందమామలు మాత్రం ఎవ్వరూ తీయవద్దు.”

టీక: రేపు = సర్కారువారు దయతో నొసగిన సెలవునాడు; వేటపాలెం = చీరాల దాపుననున్న ఆ పేరి యూరికి; వెళ్తున్నాను = ఎవ్వరును పంపకయే, ప్రయాణపు బత్తెము లేకయే, స్వంతపు టిక్కెట్టుతో పోవుచున్నాను; నెట్‌లో = రాత్రి వంటయిల్లు సర్దిన పిమ్మట చేతిఫోనునందు; అతికిస్తాను = నా చేతులతోనే, నా యింటి మైదాతోనే యతికింతును; ఎవ్వరూ = ప్రధానోపాధ్యాయుడు మొదలు ఆరవ తరగతి పసివాని వరకు నెవ్వరును.

వ్యాఖ్య: వారమెల్ల పుస్తకముల నడుమ గడపిన మనిషి సెలవుదినమున సినిమాకో సముద్రపుటొడ్డునకో పోవుట లోకమర్యాద. వేటపాలెమునకు సముద్రము దగ్గరే. కాని యీమె పోవునది 1918లో స్థాపింపబడి, 1929లో గాంధీ మహాత్ముని చేత తన భవనమునకు శంకుస్థాపనము చేయించుకొని, ఆయన చేతికర్రను నేటికిని దాచుకొనియున్న సారస్వత నికేతన గ్రంథాలయమునకు. అచట పాత పత్రికల సంపుటములు వరుసలు వరుసలుగా నున్నవి. వానిని తిరగవేయుటయే యీమెకు విహారము. జీడిపప్పు కొఱకే పోవుచున్నదని స్టాఫురూములో నొక పూర్వపక్షము గలదు. ఆ యూరి జీడిపప్పు ప్రసిద్ధమగుటయు, సోమవారము పొట్లములు పంచబడుటయు ప్రత్యక్షములే గాన దీనిని ఖండింపను. తిరుగు ప్రయాణమున రెంటికిని ఒకే సంచి చాలునని మాత్రము సమాధానము చెప్పెదను.

ఇదే సీమలో, పాతూరి నాగభూషణముగారి పూనికతో, 1935లో కొల్లూరికిని పెదవడ్లపూడికిని నడుమ కాలువమీద పుస్తకములు పడవలో పయనించి రేవురేవున చదువరుల చేతికి వచ్చెడివి. నేడు పుస్తకము కదలదు. దానిని చూడగోరినవారు రైలెక్కవలెను.

ఇక రెండవ వాక్యము. ఇది రసవంతము. చిలకమర్తివారి గణపతి యెంత నవ్వించు పుస్తకమో అంతగా నలిగిన పుస్తకము. కుట్టుదారము తెగినచో ఒక్క పుట పోవుటగాదు, ఫారమునకు ఫారమే, అనగా పదునారు పుటలును, పోవును. కథ నడుమ పదునారు పుటలు లేని హాస్యగ్రంథమును చదివిన బాలుడు నవ్వవలసినచోట నోరు తెరచుకొని చూచుట ఈమె యెన్నిమారులో కన్నది. అందుచేత నీమె వెదకులాటకు దిగినది. మన దేశపు డిజిటల్ లైబ్రరీవారు స్కాను చేసిన తెలుగు గ్రంథములు వేలకొలదిగా ఇంటర్నెట్ ఆర్కైవునందు పడియున్నవి గాని, వాని పేరులను ఆంగ్లలిపిలో నెక్కించిన మహనీయులు తమకు తోచిన వర్ణక్రమమునే ప్రమాణముగా గొనిరి. మహాప్రాణములను అల్పప్రాణములుగా మార్చియు, దీర్ఘములను మ్రింగియు, కర్త పేరు గ్రంథమునకును గ్రంథము పేరు కర్తకును తగిలించియు వారు చేసిన పట్టికలో ఒక పుస్తకమును పట్టుటకు వ్యాకరణము చాలదు, మంత్రశాస్త్రము కావలెను. ఈమెకు అది యలవడినది. తప్పు ఎట్లు చేసియుందురో యూహించి, ఆ తప్పును తానును చేసి, ఒకనాటి రాత్రి పుస్తకమును పట్టినది. స్కాను చేసినవాని బొటనవ్రేలు కొన్ని పుటల యంచులందు దర్శనమిచ్చును. ఆ వ్రేలి క్రింది యక్షరములకు పాఠాంతరము వేటపాలెమునందు చూచుకొనవలెను. మొదటి వాక్యమునకును రెండవదానికిని గల సంగతి యిదియే.

అచ్చు తీసి యతికించుట ధర్మసమ్మతమా యని శంక. కర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరములకు గ్రంథహక్కు తీరునని మన చట్టము. చిలకమర్తివారు 1946లో స్వర్గస్థులైరి గావున శంకకు చోటులేదు. మైదా నుడికించి, పురుగు పట్టకుండ ఇంచుక మైలతుత్తము కలిపిన జిగురు సోమవారమునకు సిద్ధము.

మూడవ వాక్యము సుగమము. తాళంచెవి ఆఫీసు రూమున నున్నను, లైబ్రరీ పీరియడును లెక్కల మాష్టారు తీసికొనుచుండుటచే దానితో నెవ్వరికిని పనిపడదు.

నాలుగవ వాక్యమును తొలుత ప్రక్షిప్తమని తలంచితిని. పోయిన పుటల కొఱకు నిద్ర మానుకొనిన చేయి చందమామల నేల బంధించును? కాని సిరా యొక్కటే, దస్తూరి యొక్కటే. కారణము స్టాకు రిజిస్టరునందున్నది. 1947 జూలైలో పుట్టిన ఆ పత్రిక యిపుడు అచ్చులో లేదు. ఒక సంపుటము పోయినచో మరల కొని పెట్టుటకు రాదు, తనిఖీనాడు జీతమునుండి కోయుదురేమో యను భీతి వదలదు. ఈ భీతికి శాస్త్రములు రెండును విరుద్ధములే. పుస్తకము లున్నది వాడుటకే యని గ్రంథాలయశాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లో తొలి సూత్రము చేసి, పూర్వము పాశ్చాత్యదేశములలో గ్రంథములను గొలుసులతో కట్టియుంచిన వైనమును అచటనే విస్తరించిరి. ఇది శ్రుతి యనుకొందము. కేంద్రప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి స్మృతి: ఏడాదిలో ఇచ్చిన ప్రతి వేయి పుస్తకములకు అయిదు పోవుట, మోసము గాని అశ్రద్ధ గాని లేనిచో, సహజమే యని అది యొప్పుకొన్నది, వేయి రూపాయలు మించిన గ్రంథమునకును, వెల యెంతైనను అరుదైన గ్రంథమునకును మాత్రమే విచారణ తప్పదన్నది. రాష్ట్రపు బడికి ఆ స్మృతి నేరుగా వర్తింపకున్నను, న్యాయమునకు ఎల్ల లుండవు. పైసలలో వెల వేసిన చందమామ వేయి రూపాయల హద్దున కెన్నడును చేరదు; అది అరుదైన గ్రంథమా యను మాటను మాత్రము వాదమునకు విడిచెదను.

తాత్పర్యము: ప్రధానోపాధ్యాయులవారికి విన్నపము. వాడుకలో చినిగినదానికిని పోయినదానికిని ఉద్యోగినిని బాధ్యురాలిని చేయబోమని రెండు పంక్తులు వ్రాసి, సంతకము చేసి, ఆఫీసు మొహరు వేసి యీయుడు. చీటీలోని నాలుగవ వాక్యమును ఆమెయే కొట్టివేయును.