‘మనదే’ బావగారు

మా పెద్ద బావగారికి ప్రపంచంలో పరాయిదంటూ ఏదీ లేదు. ఇది వేదాంతం కాదు, జబ్బు. స్పెయిన్‌లో దిగిన మర్నాడే చుర్రోస్ కొరికి, "జంతికలోయ్! మనవే. వాము మానేసి పంచదార అద్దారంతే" అన్నారు. గాస్పాచో చల్లగా గ్లాసులో ఇస్తే, "టమాటా చారు. పోపు మరిచారు, కాచడం కూడా మరిచారు" అని తేల్చారు. అల్‌హంబ్రా కోటలో రెండు గంటలు నోరెత్తలేదని అక్కయ్య సంబరపడేలోపే, గేటు దాటి "మన గోలకొండలో..." అని మొదలెట్టారు.

ఇలాంటి బావగారు మీ ఇంట్లోనూ ఒకరుంటారు. కాకపోతే మీరాయన్ని గ్రనాడాలోని సాక్రొమోంతె కొండ మీద గుహలో ఫ్లమెంకో చూడ్డానికి తీసుకెళ్లి ఉండరు. నేను తీసుకెళ్లాను. టిక్కెట్టు మనిషికి పాతిక యూరోలు. ఆయన వ్యాఖ్యానం ఉచితం.

సున్నం కొట్టిన పొడుగాటి గుహ. గోడలకి రాగి గిన్నెలు. రెండు వైపులా గోడవారన కుర్చీలు, మధ్యనున్న ఇరుకు జాగాలోనే నాట్యం. ఆడేవాళ్ల గౌను కుచ్చులు మన మోకాళ్లకి తగులుతాయి. ఇక్కడి జిప్సీల (హితానోలంటారు) సొంత సొత్తు సాంబ్రా, పెళ్లి వేడుకల్లోంచి వచ్చిన నాట్యాలు. "పెళ్లా! అయితే మనదే" అన్నారు బావగారు.

గిటారు పక్కన కూర్చున్న పెద్దాయన గుండె చీల్చుకున్నట్టు ‘ఆయ్’ అని ఎత్తుకున్నాడు. "తోడి!" అన్నారు బావగారు, గుహంతా వినబడేలా. నాకు ఒళ్లు మండింది, అందులో నిజముంది కనక. ఆ పాటలు ఎక్కువగా నడిచే స్వరాల వరస మన హనుమతోడికి దగ్గరే. హితానోల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి బయల్దేరి 15వ శతాబ్దంలో స్పెయిన్ చేరారు. నీళ్లని వాళ్ల మాటలో ‘పాన్యీ’ అంటారు. బావగారితో చిక్కే ఇది. పదింట్లో ఒకటి నిజం చెప్పి, తక్కిన తొమ్మిదింటికీ దాన్నే జామీను పెడతారు.

సోలెయా మొదలైంది. 12 దెబ్బల తాళం: రెండు మూళ్లు, మూడు రెళ్లు. బావగారు తొడ మీద ఆదితాళం వేశారు. పొసగకపోయేసరికి "ఒకటిన్నర ఆవర్తనం" అని సర్దుకుని, కొట్టకూడని చోట ఫెళ్లున చప్పట్లు కొట్టి "శభాష్!" అన్నారు. నర్తకి మడమల మోత ఆపకుండానే ఒక చూపు చూసింది. మూలనున్న ముసలమ్మ లేచొచ్చి, ఆయన అరచేతులు దొప్పల్లా వంచి, మెత్తగా ఎలా కొట్టాలో చూపించి, ఆనక ఆ రెండు చేతులూ ఆయన ఒళ్లోనే పెట్టి వెళ్లింది. ముప్పయ్యేళ్లలో అక్కయ్య వల్ల కాని పని! ఆఖరిదాకా ఆ చేతులు కదల్లేదు. ఒక్కసారి మాత్రం కళ్లు తుడుచుకోవడానికి లేచాయి. ఆ పూట బావగారు నాకెంత ముద్దొచ్చారో!

కొండ దిగుతూ చెప్పాను, 1749లో రాజాజ్ఞతో హితానోలని వేలమందిని ఒక్కసారిగా పట్టి బంధించారని. "పాపం, వాళ్లు!" అన్నారు. పాడితే మనవాళ్లు, సంకెళ్లు పడితే వాళ్లు.

సంక్రాంతికి వాళ్లింట్లో ఉన్నాను. గంగిరెద్దులాయన సన్నాయి వాయిస్తూ గేటు దగ్గర నిలబడ్డాడు. అది ఏ రాగమో బావగారు చెప్పలేదు. "చిల్లర లేదు, ముందుకెళ్లు" అన్నారు. ఆ మాట మీదే ఆయన్ని నాలుగు దులుపుదామని కలం పట్టాను. కానీ కనుమనాడు అదే సన్నాయి మా వీధిలోకీ వచ్చింది. నేను తలుపు దగ్గరికి వేసి, పక్కింటాయనకి ఫోనులో సాక్రొమోంతె వీడియో చూపిస్తూ, "మూలం మనదేనండీ" అంటున్నాను.

గేటు బయట గంగిరెద్దు అలవాటుగా తలూపింది.