వైవా రోజున చెత్తబుట్ట చేత మాట్లాడించడం ఎలా?

ప్రాజెక్టు బ్యాచ్‌లో నలుగురుంటారు. ఒకడు పని చేస్తాడు, ఒకడు ప్రింటౌట్లు తెస్తాడు, ఇద్దరు ఫొటోల్లో ఉంటారు. ఈ చిట్కాలు ఆ మొదటివాడికి. మిగతా ముగ్గురికీ ఇవి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ప్రాజెక్టు అందరికీ తెలిసిందే. చెయ్యి దగ్గరికి పెడితే మూత తెరుచుకుని, "చెత్త ఇందులో వేయండి" అని చెప్పే స్మార్ట్ చెత్తబుట్ట. ఆర్డుయినో ఉనో బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సర్, మూత ఎత్తడానికి బుల్లి సర్వో మోటార్ మీ సీనియర్ల దగ్గర ఎలాగూ దొరుకుతాయి. మాట ఒక్కటే మీరు కలపాలి. దానికి డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న మాడ్యూల్ ఉంది. మెమరీ కార్డు పెడితే పాడుతుంది, 3 వాట్ల యాంప్లిఫయర్ దాని మీదే ఉంది. ఇంత తేలికైన దాన్ని చెడగొట్టడానికి కాస్త పట్టుదల కావాలి.

1. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి. "భయ్యా, సౌండ్ మాడ్యూల్ ఒకటి" అనండి, అంతకుమించి ఒక్క మాట మాట్లాడకండి. ఒకే ఆకారంలో, ఒకే పేరుతో అమ్మే ఈ మాడ్యూళ్ల మీద రకరకాల చిప్పులుంటాయి. ఒకటి విన్న కమాండ్ ఇంకోటి వినకపోవచ్చు. కాబట్టి చిప్పు మీద ఏం రాసి ఉందో చచ్చినా చూడకండి. చూస్తే తెలిసిపోతుంది, తెలిస్తే రేపు "చైనా మాల్ సర్" అనేటప్పుడు గొంతులో ఆ నిజాయితీ పలకదు.

2. షాపువాడు "రెసిస్టర్లు, కెపాసిటర్లు ఏమైనా కావాలా?" అంటాడు. వద్దనండి. బోర్డు నుంచి మాడ్యూల్ ఆర్‌ఎక్స్ పిన్నుకు వెళ్లే తీగలో ఒక 1కె రెసిస్టర్ పెడితే స్పీకర్‌లో గురగుర తగ్గుతుందని తెలిసినవాళ్లు చెబుతారు. బోర్డు 5 వోల్టుల మీద మాట్లాడుతుంది, మాడ్యూల్ చెవి 3.3 వోల్టులది, అదీ సంగతి. కానీ రెసిస్టర్ ఖరీదు రూపాయో రెండో ఉంటుంది. ఆ రూపాయి మిగిల్చి చాయ్ ఖర్చులో కలపండి. గురగుర గురించి ఎవరైనా అడిగితే, బుట్ట స్టాండ్‌బైలో ఉందని చెప్పండి.

3. తీగలు 0, 1 పిన్నులకే కలపండి. ప్రోగ్రామ్ ఎక్కించేది కూడా ఆ దారినే కాబట్టి అప్‌లోడ్ ప్రతిసారీ ఫెయిలవుతుంది. అలా ఓ సాయంత్రం గడిచిపోతుంది. "రాత్రంతా కూర్చున్నాం సర్" అన్నప్పుడు అది అబద్ధం కాకుండా ఉంటుంది. పైగా స్క్రీన్ మీద చూసుకుందామని మీరు ప్రింట్ చేసే ప్రతి అక్షరమూ నేరుగా మాడ్యూల్ చెవిన పడుతుంది.

4. కరెంటు విషయానికి కాస్త ఎక్కువ శ్రద్ధ కావాలి. ఇంట్లో పరీక్షించేటప్పుడు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ వాడండి. అన్నీ చక్కగా పనిచేస్తాయి. వీడియో తీసి గ్రూపులో పెట్టండి, ఫొటోల బ్యాచ్ వాళ్లు స్టేటస్ పెట్టుకుంటారు. వైవా రోజు పొద్దున మాత్రం ఆ తీగ పీకేసి 9 వోల్టుల చదరపు బ్యాటరీ తగిలించండి. పొగ సెన్సర్లకు, మల్టీమీటర్లకు పనికొచ్చే బ్యాటరీ అది. మోటారు మోయమంటే దాని నడుం విరుగుతుంది. మోటారుకూ మాడ్యూల్‌కూ బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచే ఇవ్వండి. పెద్ద కెపాసిటర్ రెండో నంబరు చిట్కాలోనే వద్దన్నాం కదా, అది ఇక్కడ కలిసొస్తుంది.

ఏం జరుగుతుందంటే, మూత ఎత్తబోయిన క్షణంలో వోల్టేజీ కూలుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. రీసెట్ కాగానే మొదట పాడేది మీరు ముచ్చటపడి పెట్టుకున్న స్వాగత వాక్యం. "నమస్కారం, స్మార్ట్ చెత్తబుట్టకు స్వా..." అనేలోపు మోటారు మళ్లీ ఓ కుదుపు కుదుపుతుంది. మళ్లీ రీసెట్. "నమస్కారం, స్మా..." ఎక్స్‌టర్నల్ గారు కుర్చీలో కూర్చునేదాకా అది ఆయనకు నమస్కారాలు పెడుతూనే ఉంటుంది. ఇంత మర్యాద తెలిసిన ప్రాజెక్టు మరో బ్యాచ్‌కు ఉండదు.

5. మెమరీ కార్డు కొత్తది కొనకండి. పాత ఫోనులోది పీకండి. 64 జీబీది అయితే మరీ మంచిది. మాడ్యూల్ చదివేది 32 జీబీ దాకా, అదీ ఫ్యాట్16 లేదా ఫ్యాట్32 ఫార్మాట్ ఉంటేనే. కాబట్టి అసలు మాటే రాదు, అన్ని సమస్యలూ ఒకేసారి తీరతాయి.

పాపం 16 జీబీదే దొరికిందనుకోండి, నిరాశ పడకండి. అందులో ఉన్న పాటలు తుడవకండి. మీ గొంతు ఫోనులో రికార్డు చేయండి. ఎం4ఏ అని వస్తుంది. మార్చడానికి కన్వర్టర్ ఎందుకు? ఫైలు పేరు చివర ఎంపీ3 అని దిద్దండి చాలు. పంచెకు ప్యాంటు అని చీటీ అంటిస్తే ప్యాంటు అయినట్టే. ఆ ఫైలును చివర కాపీ చేసి, దానికి 0001 అని నంబరివ్వండి. "ఎంపీ3" అనే ఫోల్డర్ చేసి, నాలుగంకెల పేర్లు పెట్టి, పేరు చెప్పి పాడించే పద్ధతి ఒకటుంది, అటు వెళ్లకండి. "ఒకటో పాట వేయి" అన్న మామూలు కమాండ్ వాడండి. మాడ్యూల్ దృష్టిలో ఒకటోది అంటే కార్డులోకి ముందు ఎక్కింది. మీరు 0001 అని రాసింది కాదు.

ఇప్పుడు హెచ్‌వోడీ గారు స్వయంగా వచ్చి, చేతిలో కాయితం ముక్క నలిపి, బుట్ట మీదికి చెయ్యి చాపుతారు. మూత లేస్తుంది. మీ బావ పెళ్లి బరాత్‌లో మోగిన తీన్‌మార్ బీటు మొదలవుతుంది. వాల్యూమ్ 0 నుంచి 30 దాకా ఉంటుంది. మీరు 30 పెట్టే ఉంటారు.

కార్డు ఊడిపోకుండా గ్లూ గన్‌తో స్లాట్ అంతా మూసేయండి. తర్వాత తప్పు దిద్దాలన్న ఆలోచనే రాదు.

6. ఒకవేళ పొరపాటున నిజమైన ఎంపీ3నే, అదీ మొదటే కాపీ చేసి ఉంటే, ఆ లోటు కోడ్‌లో పూడ్చుకోవచ్చు. చెయ్యి 20 సెంటీమీటర్ల లోపుంటే "పాడు" అని లూప్‌లో రాయండి. అంతే, ఇంకేం షరతు పెట్టకండి. లూప్ మళ్లీ తిరుగుతుంది, చెయ్యి ఇంకా అక్కడే ఉంటుంది, పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. బుట్ట "చె... చె... చె... చె..." అంటుంది. చెయ్యి తీస్తేగానీ "త్త" రాదు. మాడ్యూల్ మీద బిజీ అని ఒక పిన్ను ఉంది. పాడుతున్నంతసేపూ అది 'లో' (LOW) స్థితిలో ఉంటుంది. దాన్ని చూసి, ఖాళీగా ఉన్నప్పుడే పాడమంటే గొడవ లేదు. కానీ దానికి ఇంకో తీగ కలపాలి, ఇంకో లైను రాయాలి. మీరు కష్టపడటానికి పుట్టలేదు.

తెలిసినవాడెవడైనా "డిలే పెట్టరా" అంటాడు. పెట్టండి, 10 సెకన్లు. మూత లేచాక ఆ 10 సెకన్లూ బుట్టకు లోకం కనబడదు. పదకొండో సెకనులో మూత ఎవరి వేళ్ల మీద పడుతుందన్నది వాళ్ల అదృష్టం.

7. స్పీకర్‌కు రెండు తీగలుంటాయి. ఒకటి మాడ్యూల్‌కు, రెండోది గ్రౌండ్‌కు. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది అదే కదా! ఈ మాడ్యూల్‌లో రెండు తీగలూ దాని రెండు స్పీకర్ పిన్నులకే వెళ్లాలి, గ్రౌండ్ జోలికి పోకూడదు అని చెప్పేవాళ్లను చాదస్తం కింద లెక్కేయండి. చిప్పు వేడెక్కితే ఫ్యాను కింద పెట్టండి.

8. రిపోర్టు సీనియర్‌దే దించండి. మొదటి పేరా 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ గురించి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. లోపల 8051 మైక్రోకంట్రోలర్, ఏపీఆర్9600 వాయిస్ చిప్పు అని ఉంటే ఉండనివ్వండి. "టేబుల్ మీద ఉన్నది ఆర్డుయినో కదా?" అని ఎక్స్‌టర్నల్ గారు అడిగితే, "అప్‌గ్రేడ్ చేశాం సర్" అనండి. ఏ లైను మార్చారని అడిగితే పక్కవాడి వైపు చూడండి. వాడు ఫొటోల బ్యాచ్ కాబట్టి నవ్వుతాడు. చివరికి అస్త్రం ఎలాగూ ఉంది, "నిన్న రాత్రి దాకా పనిచేసింది సర్." ఫోనులో వీడియో కూడా ఉందిగా, తీసి చూపించండి. ఆ వీడియోలో ల్యాప్‌టాప్ తీగ కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టండి.

9. మార్కుల సంగతి తేలాక ప్రాజెక్టును జూనియర్లకు అమ్మేయండి. "ఫుల్లీ వర్కింగ్" అని చెప్పండి. మెమరీ కార్డుకు మాత్రం విడిగా డబ్బులు తీసుకోండి, అది గ్లూలోంచి ఎలాగూ రాదు.