ఎగ్జెక్ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాస కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథసూరి మా మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అన్నది ఆయన వ్రతం. హవేలిఘనపూర్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఈ అల్పుడికి కావ్యం దొరకలేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక వాక్యం, దాని కింద ఎర్రక్షరాల తప్పు దొరికాయి. ఆ వ్రతమే పట్టి దీనికి టీక రాస్తున్నాను.

మూలం:
ఎగ్జెక్ రోజులెక్క గెట్‌డేట్()

ప్రతిపదార్థం: గెట్‌డేట్ = ఈ క్షణపు తేదీని, సమయాన్ని చెప్పే ఫంక్షన్‌ను; () = ఇప్పుడే పిలిచి; రోజులెక్క = ఆ పేరుతో డేటాబేస్‌లో దాచిన స్టోర్డ్ ప్రొసీజర్‌ను; ఎగ్జెక్ = నడిపించుము.

అన్వయం: కుదరదు. కుండలీకరణం దగ్గర వాక్యం చెడిందని సర్వర్ ఉవాచ.

పూర్వపక్షం: ‘సెలెక్ట్ గెట్‌డేట్()’ అంటే ఇదే సర్వర్ తేదీ చెబుతున్నది కదా? ఒరాకిల్‌లోనూ, మైఎస్‌క్యూఎల్ కాల్‌లోనూ ప్రొసీజర్‌కు ఫంక్షన్‌ను నేరుగా ఇస్తున్నారు కదా?

సమాధానం: ఇంటింటికీ ఓ ఆచారం. ఈ ఇంటి ఎగ్జెక్ సిద్ధంగా ఉన్న విలువనో, వేరియబుల్‌నో పుచ్చుకుంటుంది. చేయవలసిన లెక్కను పుచ్చుకోదు. ‘1+1’ అన్నా గడప దాటనివ్వదు. దరఖాస్తులో తేదీ గడిలో ‘నేటి తేదీ’ అని రాసిచ్చి చూడండి, కౌంటర్‌లో ఆయన కాగితం వెనక్కి తోస్తాడు. క్యాలెండర్ చూడటం మన పని.

ప్రాయశ్చిత్తం:
డిక్లేర్ @నేడు డేట్‌టైమ్ = గెట్‌డేట్()
ఎగ్జెక్ రోజులెక్క @నేడు

2008 వెర్షన్‌కు ముందువారు డిక్లేర్ ఒక వరుస, సెట్ మరో వరుస రాసుకునేవారు.

పాఠాంతరం: తొందరపాటు లేఖకుల ప్రతుల్లో కుండలీకరణాలు కనబడవు. అప్పుడు వ్యాకరణదోషం పోతుంది, అర్థదోషం వస్తుంది. సర్వర్ ‘గెట్‌డేట్’ అన్న మాటనే విలువ అనుకుంటుంది. పారామీటర్ తేదీదైతే మార్చలేక మొరపెడుతుంది. అక్షరాలదైతే మరీ అన్యాయం, నోరే ఎత్తదు. ప్రొసీజర్ దాన్ని టేబుల్‌లో రాసేదైతే, తేదీ ఉండవలసిన చోట ‘గెట్‌డేట్’ అన్న పేరే కూర్చుంటుంది.

విశేషం: ఎగ్జెక్‌కు అభిధ, అంటే మాట నేరుగా చెప్పే అర్థం, ఒక్కటే తెలుసు. లక్షణ, వ్యంజన దాని దగ్గర చెల్లవు.

తాత్పర్యం: ఫంక్షన్ చేత పని ముందే చేయించి, ఫలితాన్ని గిన్నెలో పోసి ప్రొసీజర్ చేతికివ్వాలి.

క్షమాపణ: డిక్లేర్ వరుస మూలంలో లేదు, నేను చేర్చినది. వ్రతభంగానికి మల్లినాథుడు క్షమించుగాక. చేర్చకపోతే సర్వర్ క్షమించేట్టు లేదు.